కుంచె ఆగిన పొద్దు

తిరుపతిరావుగారింట్లో పాలు పోసే అంతోని మాణిక్యమ్మతో చెప్పాడట. మాణిక్యమ్మ కుళాయి దగ్గర నలుగురికీ చెప్పింది. ఆ నలుగురిలో ఒకావిడ చౌడేశ్వరి గుమ్మంలోకి మోసుకొచ్చేసరికి మాటకి కాళ్ళూ చేతులూ మొలిచి నిండు మనిషైపోయింది. ఇక మీదట నేతగాళ్ళ వీధిలో పడుగు వెయ్యనివ్వరట. సిమెంటు రోడ్డు వేసింది బళ్ళు తిరగడానికి గాని నూలు పరుచుకోడానికి కాదని తిరుపతిరావుగారు మునిసిపాలిటీలో ఎవరితోనో గట్టిగా అన్నారట. ఆదివారం తెల్లారగట్ల శ్రీహరికోట నుంచి రాకెట్టు లేస్తుందట. అది చూడ్డానికి ఆయన కొడుకు హర్షవర్ధన్ విజయవాడ నుంచి కొత్త కారేసుకొచ్చి, ఇంటిల్లిపాదినీ మంగినపూడి బీచికి తీసుకెళ్తాడట. ఆ పొద్దుట వీధిలో ఒక్క గుంజ కనపడినా కారు దాని మీంచే పోతుందన్నారట.

"గుంజ మీంచి పోతే చిల్లుపడేది టైరుకే," అంది చౌడేశ్వరి, రాట్నం ఆపకుండా.

వచ్చినావిడకి ఆ జవాబు చాల్లేదు. ఇంట్లో ఇంకెవరి మొహంలోనైనా కాస్త భయం దొరుకుతుందేమోనని అటూ ఇటూ చూసి, దొరక్కపోయేసరికి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక రాట్నం ఆగింది. ఆదివారం పడుగు చౌడేశ్వరి వాళ్ళదే.

మగ్గం మీద పాత పడుగు చివరికొచ్చింది. కొత్తది చుట్టలుగా చుట్టి మూలన తెల్లగా కూచుని ఉంది. బట్టకి నిలువునా ఉండే పోగులన్నీ అందులోనివే. వాటిని ఉన్నపళంగా మగ్గం ఎక్కిస్తే నాలుగు దెబ్బలకే తెగిపోతాయి. వీధి పొడుగునా లాగి, గంజి పట్టించి, ఆరేదాకా కుంచెతో దువ్వాలి. అది మంచు విడవక ముందే మొదలెట్టి, ఎండ చురుక్కుమనేలోగా ముగించాల్సిన పని. ఒక్క ఇంటివల్ల కాదు. ఇవాళ వీళ్ళ పడుక్కి వాళ్ళొస్తారు, రేపు వాళ్ళ పడుక్కి వీళ్ళు వెళ్తారు. కూలీ అనే మాటే రాదు. ఎవరి పడుగైతే వాళ్ళింట్లో ఇడ్లీలు, కాఫీ.

ఆ వీధికి ఉన్నది ఒకటే మొగ, తూర్పున. పడమటి కొసని తిరుపతిరావుగారి రెండంతస్తుల మేడ మూసేసింది. ఆ మేడలోంచి కారు బయటికి రావాలంటే వీధంతా దాటి రావల్సిందే. పడుగు పడుకునేదీ ఆ వీధి నడుమే.

సాయంత్రం ఉమామహేశ్ బజారు నుంచి వచ్చి చెప్పులిప్పుతూనే, "విన్నావా?" అన్నాడు.

"విన్నాను."

"ఏం చేద్దాం?"

"ఏం చేస్తాం, పడుగేస్తాం."

"ఆయన్నోసారి అడిగొస్తే పోలా?"

"పడుక్కి ఎవర్నైనా అడిగామా ఎప్పుడన్నా?"

ఉమామహేశ్ మెత్తని మనిషి. మెత్తదనం వల్ల వచ్చే నష్టాలన్నీ భార్య మోస్తుందన్న ధైర్యం కూడా ఉన్న మనిషి. అతను గోడకి చేరగిలబడి, "మాటకి మాట పెరిగితే మనకే గదే నష్టం," అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. చౌడేశ్వరి చీర కొంగుకి చేతులు తుడుచుకుని లేచింది.

"పద. అడగడానికి కాదు. ఆయనేమన్నాడో ఆయన నోటే వినడానికి."

*

తిరుపతిరావుగారు చెడ్డమనిషని ఎవరూ అనరు. పామర్రు దగ్గర పొలాలున్న మనిషి. ఈ ఊళ్ళో ఎరువుల వ్యాపారం పెట్టి, మేడ కట్టి, వినాయకచవితికి పందిరి ఖర్చు తన నెత్తినేసుకుని, ఎదురైన ప్రతివాణ్ణీ పేరు పెట్టి పలకరిస్తారు. వరండాలో వాలుకుర్చీలో కూచుని ఫోనులో వార్తలు చూస్తున్నారు.

"ఏం ఉమామహేశూ, దంపతులిద్దరూ వచ్చారు," అని, "రావమ్మా, కాఫీ!" అంటూ లోపలున్న భార్యకి కేకేశారు.

"కాఫీలెందుకులెండి," అని ఉమామహేశ్ మెట్టు మీదే నిలబడ్డాడు. "ఆదివారం పడుగు వేద్దామనుకుంటన్నామండి. తమరేదో అన్నారని..."

"ఎవరు చెప్పారు? అంతోనిగాడేనా? వాడు పాలల్లో నీళ్ళూ, మాటల్లో మసాలా కలుపుతాడు." ఆయన నవ్వారు. "నేను వద్దన్నానా పడుగు? మా అమ్మ బతికినన్నాళ్ళూ మీ చీరలే కట్టింది. కాకపోతే కాలం చూడాలి గదయ్యా. వీధన్నాక పదిమంది తిరుగుతారు. రేపు అర్జంటుగా అంబులెన్సు రావాల్సొచ్చిందనుకో."

"వస్తే ఎత్తేస్తామండి," అంది చౌడేశ్వరి. "కిందటేడు మాణిక్యమ్మ మొగుడికి గుండెల్లో నొప్పొస్తే తడిపడుగుని తలల పైకెత్తి పట్టుకున్నాం. ఆటో కిందనుంచే పోయింది. ఆ పడుగు సగం పాడైపోయింది. మనిషి బతికాడు."

"అదే నేను చెప్పేదీనూ. అలా ఎత్తితే మీకే గదా నష్టం!" ఆయన ఆ మాటని తనవైపుకి తిప్పేసుకున్నారు. "పైగా మావాడొస్తన్నాడు. బెంజి సర్కిల్ దగ్గర ఆఫీసు వాడిది. ఊపిరాడని పనులు. ఏడాదికోసారి వస్తాడు. బీచిలో రాకెట్టు చూద్దాం నాన్నా అన్నాడు. నేను మాత్రం చూశానా? టీవీలో చూడ్డమే."

రావమ్మగారు కాఫీ తెచ్చి ఇద్దరి చేతుల్లోనూ పెట్టింది. "పోన్లెండి, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు," అంది మొగుడితో నెమ్మదిగా.

ఆయన కాసేపు ఆలోచించినట్టు గెడ్డం రుద్దుకుని, "సరే, ఒక పని చేద్దాం," అన్నారు. "మేం ఆదివారం చీకటితోనే బయల్దేరిపోతాం. మా కారు దాటాక మీ పడుగు వేసుకోండి. నాకేం అభ్యంతరం లేదు."

ఉమామహేశ్ మొహం విప్పారింది. "అంతకంటేనా అండీ!"

మెట్లు దిగి ఇంటికొస్తున్నంతసేపూ అతను ఆయన మంచితనం గురించే మాట్లాడాడు. ఆ కాఫీ చాలా బావుంది. దానిమీదే చౌడేశ్వరికి కోపంగా ఉంది.

*

శనివారం మధ్యాహ్నం బస్సుకి కూతురు జ్యోతిర్మయి దిగింది. విజయవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. పడుగున్నప్పుడల్లా వస్తుంది. చేతులు చాలవని కాదు, ఇంట్లో పడుగేస్తుంటే తను అక్కడ నిద్రపోవడం ఎలాగో ఉంటుందని. వస్తూనే సంచి గోడకి తగిలించి, "అమ్మా! రేపు రాకెట్టు మన వీధిలోంచే కనపడచ్చు," అంది.

"బీచికి పోవాలంటగా?"

"ఆకాశం తెరిపిగా ఉంటే ఎక్కణ్ణుంచైనా కనపడుద్ది. దక్షిణం వైపు అడ్డం లేకపోతే చాలు. మాణిక్యమ్మత్తా వాళ్ళింటి పక్కన ఖాళీస్థలం ఉంది గదా, అక్కడైతే కింద దాకా ఆకాశమే."

చౌడేశ్వరి పొయ్యి మీద గంజి కలుపుతోంది. బియ్యప్పిండి గంజి మెతుకు తగలకుండా, ఉండకట్టకుండా దించాలి. మరీ చిక్కనైతే పోగులు కర్రల్లా బిగుస్తాయి, పల్చనైతే నూగు అణగదు. గరిటె తిప్పుతూనే, "అందులో ఏముందంటా?" అంది.

"భూమిని చూసే ఉపగ్రహం."

"పైకి పోయి కిందికి చూడ్డవెందుకు? ఇక్కడే ఉండి చూడొచ్చుగా?"

జ్యోతిర్మయి నవ్వి పొయ్యి పక్కన గొంతుక్కూచుంది. "ఇక్కణ్ణుంచి నీకు ఈ వీధే కనపడుద్ది. అక్కణ్ణుంచి ఏ ఊళ్ళో చేలెలా ఉన్నాయో, కృష్ణ ఎంత పొంగిందో, ఏ కాలవకి గండి పడిందో, సముద్రంలో తుఫాను ఎటు తిరుగుతుందో అన్నీ కనపడతాయి. మా హాస్టలు వైపు వరదొచ్చిందే, అప్పుడు ఏ వీధి మునిగిందో ఏది తేలిందో ఇట్లాంటివి తీసిన ఫొటోలు చూసే చెప్పారు మా మేడమ్."

"మరి ఒక్కచోట నిలబడి ఇంత భూమినీ ఎట్టా చూస్తది?"

"నిలబడదు. ఇట్టా ఉత్తరాన్నుంచి దక్షిణానికి పోతా ఉంటది." పొయ్యి పక్కనున్న చెంబుని భూమిలా పట్టుకుని, దాని చుట్టూ వేలు తిప్పి చూపించింది. "మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేసరికి కింద భూమి కాస్త పక్కకి తిరిగుంటది. ఈసారి పక్కచాలు చూస్తది. మళ్ళీ పక్కచాలు. అట్టా చాలు పక్కన చాలు, మొత్తం భూమంతా."

చౌడేశ్వరి చేతిలో గరిటె ఆగింది. మగ్గం మీద అడ్డపోగు లాగుతూ నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ గుడ్డ పిసరంత ముందుకి జరుగుతుంది. పోగు పక్కన పోగు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్న పనే. అదే పనిని ఎవరో ఆకాశంలో భూమంత గుడ్డ మీద చేస్తారనుకునేసరికి ఒళ్ళు ఝల్లుమంది.

"అమ్మా, గంజి!"

"ఆఁ," అని ఆమె మళ్ళీ తిప్పసాగింది. కాసేపటికి అడిగింది. "మన వీధి కనపడుద్దా దానికి?"

"కనపడుద్ది. ఇళ్ళ కప్పులు కనపడతాయి."

"మనం?"

"మనుషులు కనపడరమ్మా. అంత చిన్నవి పట్టదు."

"పడుగో?"

జ్యోతిర్మయిని ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది. బుగ్గ మీద వేలేసుకుని ఆలోచించింది. "తెల్లగా, వీధంత పొడుగుంటది గదా... ఏమో. సన్న గీతలాగా కనపడినా కనపడొచ్చు."

"అంటే పడుగు కనపడి, మనం కనపడం."

"అంతేగా."

"పోన్లే," అంది చౌడేశ్వరి గంజి దించుతూ. "పడుగుంటే మనం ఉన్నట్టే."

చీకటి పడేవేళకి మాణిక్యమ్మ వచ్చి గంజి రెండు వేళ్ళ మధ్య రాసి చూసి, బావుందని తలూపి, అరుగు మీద కూలబడింది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని, సోమవారం నుంచి ముసురేనని టీవీలో చెప్పారట. "రేపు తప్పితే ఈ పడుగు మళ్ళీ ఎప్పుడో ఒదినా," అంది. "ముసురు పట్టిందంటే వారమో, పదిరోజులో."

"రేపే వేస్తాం."

"వేస్తావు సరే. ఆ కారు దాటేదాకా ఆగుతామని మాటిచ్చి వచ్చాడంటగా మా అన్నయ్య?" మాణిక్యమ్మ గొంతు తగ్గించింది. "ఈసారి వాళ్ళ కారు కోసం ఆగాం. ఇంకోసారి వాళ్ళింటికి చుట్టాలొచ్చారని ఆగుతాం. ఆ తర్వాత, ఎప్పుడు వేసుకోమంటారండీ అని రోజూ వెళ్ళి వాళ్ళ గేటు దగ్గర నిలబడతాం. చూస్తా ఉండు."

చౌడేశ్వరి పడుగు చుట్ట మీద గుడ్డ కప్పింది. ఆ సంగతి ఆమెకి మొన్న కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడే తెలుసు.

*

ఆదివారం తెల్లవారకముందే వీధిలో ఇంటికొకరు చొప్పున లేచి వచ్చారు. గుంజలు పాతే మనిషి గుంజలు పట్టుకుని, నీళ్ళ చెంబులు తెచ్చినవాళ్ళు చెంబులు పట్టుకుని, అరుగుల మీద కూచున్నారు. మంచు సన్నగా దిగుతోంది. గంజి బానలో గోరువెచ్చగా ఉంది. మేడలో దీపం లేదు. కారు గేటు లోపల దుప్పటి కప్పుకుని పడుకుంది.

"చీకటితోనే పోతామన్నారు," అన్నాడు ఉమామహేశ్ మూడోసారి.

"ఇది చీకటి కాదేంటి?" అందొకామె.

తూర్పున నలుపు పల్చబడింది. ఎక్కడో మైకులో సుప్రభాతం మొదలైంది. మేడ కదల్లేదు. అంతోని పాల క్యాన్లతో వచ్చి, గేటు తట్టి, పాలు పోసి తిరిగొస్తూ, "పెద్దాయన లేచారు. కొడుకు లేవలా. రాత్రి లేటుగా వచ్చాడంట, ఇంకో పది నిమిషాలు నాన్నా అంటన్నాడు," అని చెప్పి పోయాడు.

ఇంతమంది, ఇన్ని చేతులు, ఒక మనిషి నిద్ర లేవడం కోసం కూచుని ఉన్నాయి. చౌడేశ్వరి అరుగుల వరస చూసింది. ఎవరూ విసుక్కోవడంలేదు. ఎప్పట్నుంచో అలవాటున్న పనిలా ఓపిగ్గా కూచున్నారు. ఆ ఓపిక చూసి ఆమెకి భయమేసింది.

ఆమె లేచి పడుగు చుట్ట భుజానికెత్తుకుంది.

"ఏవే!" అన్నాడు ఉమామహేశ్.

"గుంజలు పాతండి," అంది చౌడేశ్వరి.

ఎవరో నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. అంతే, వీధి వీధంతా ఒక్క దెబ్బన లేచింది. సిమెంటు పోసినప్పుడే వదిలించుకున్న గుంటల్లో గుంజలు నిలబడ్డాయి. మొగ దగ్గర ఒక కొస కట్టారు. చుట్ట విప్పుకుంటూ జ్యోతిర్మయి వెనక్కి నడిచింది. తెల్లటి పోగులు మనిషి నడుమెత్తున గాలిలో పరుచుకుంటూ మేడ గేటు దాకా పోయి ఆగాయి. తెగిన పోగులు కనపడినచోటల్లా వేళ్ళు చకచకా అతుకుతున్నాయి. గంజి పట్టించారు. ఇక కుంచె. ఆ పొడుగాటి కుంచెకి ఆ పక్క ఉమామహేశ్, ఈ పక్క చౌడేశ్వరి. పట్టుకుని ఇద్దరూ పడుక్కి చెరోవైపునా ఒకే అడుగుతో నడవాలి. ఒకరు తొందరపడితే పోగులు మెలిపడతాయి, ఒకరు వెనకబడితే గంజి పేరుకుంటుంది. వాళ్ళ కాపరంలో ఏ మాటా లేకుండా కలిసి చేసే పని ఇదొక్కటే.

ఒక్కటే కట్టుబాటు. పడుగుని ఎవరూ దాటకూడదు. అవతలికి పోవాలంటే వంగి కిందనుంచి పోవాలి. ముసలివాళ్ళైనా, గర్భిణీలైనా అంతే.

గంజి తడి పడుగంతా పరుచుకుని, రెండోసారి కుంచె నడుస్తుండగా మేడ గేటు తెరుచుకుంది. కారు దీపాలు పడుగు మీద పడ్డాయి. తడి పోగులు వెండితీగల్లా మెరిశాయి. హారన్ మోగింది.

ఉమామహేశ్ అడుగు తడబడింది. "నడువు," అంది చౌడేశ్వరి.

హారన్ మళ్ళీ మోగింది. ఈసారి చాలాసేపు. హర్షవర్ధన్ అద్దం దించి, "ఏంటండీ ఇది? నాన్న చెప్పలేదా మీకు? తీయండి, టైమైపోతోంది!" అని అరిచాడు.

"చీకటితో పోతామన్నారు బాబూ. చీకటి పోయింది," అంది చౌడేశ్వరి నడుస్తూనే.

తిరుపతిరావుగారు కారు దిగారు. ఆయన వెనకే రావమ్మగారూ దిగింది. "ఏం ఉమామహేశూ, మాటంటే మాటే గదయ్యా?"

"ఎత్తి పట్టుకుందాం ఏవే," అన్నాడు ఉమామహేశ్ బతిమాలుతూ. "కారు పోనిద్దాం. కిందటేడు ఆటోకి ఎత్తాం గదా."

"అందులో ప్రాణం మీదికొచ్చిన మనిషున్నాడు. ఇందులో బీచికి పోయేవాళ్ళున్నారు. నేనెత్తను."

ఆ మాట కేక పెట్టి అన్నది కాదు. కానీ పడుగు రెండువైపులా ఉన్నవాళ్ళందరికీ వినపడింది. ఎవరూ పడుగు కిందికి చేతులు పెట్టలేదు. హర్షవర్ధన్ కారుని జానెడు ముందుకి దూకించాడు. గేటు ముందు గుంజ దగ్గరున్న జ్యోతిర్మయి కదల్లేదు. మాణిక్యమ్మ కదల్లేదు. కారు దీపాల ముందు మంచు పొగలా తిరుగుతోంది. ఇంకో జానెడు కదిలితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

అప్పుడు జ్యోతిర్మయి, "అమ్మా!" అని అరిచింది.

ఆ అరుపు కారు గురించి అనుకున్నారంతా. ఆమె చెయ్యి దక్షిణానికి చాచి ఉంది.

ఖాళీస్థలం అవతల, తుమ్మచెట్ల పైన, ఇంకా ఊదారంగు వదలని ఆకాశంలో ఒక నిప్పుకణిక లేస్తోంది. చుక్క కాదు, విమానం కాదు. గన్నవరం పోయే విమానాలు ఆ వీధికి కొత్తకాదు. ఇది నెమ్మదిగా, ఎక్కడా తడబాటు లేకుండా, ఎవరో లోపల్నుంచి తోస్తున్నట్టు పైకి వస్తోంది. చప్పుడు లేదు. అంత నిప్పుకి చప్పుడు లేకపోవడమే అందర్నీ నిలువునా ఆపేసింది.

హారన్ ఆగింది. ఇంజనూ ఆగింది.

అది ఇంకా పైకి లేచేసరికి, కింద మనకింకా రాని ఎండ దానికి తగిలింది. ఒక్కసారిగా దాని వెనకాల తోక తెల్లబడింది, ఆ తెలుపులోంచి బంగారం పుట్టింది. తోక విప్పుకుంది. సన్నగా మొదలై, వెడల్పై, ఆకాశాన సగానికి వెలుతురు గంజి పూసినట్టు పరుచుకుంది. దాని మొనన ఆ కణిక మాత్రం వెనక్కి చూడకుండా తూర్పు దక్షిణంగా దూసుకుపోతోంది, నాడె వెనక పోగు లాగుతున్నట్టే. అటు కొసన దాన్ని అందుకునే చెయ్యేదో చౌడేశ్వరికి అర్థం కాలేదు. నాడె విసిరితే అటువైపు ఒక చెయ్యి ఉండాలి. అంత దూరంలో, అంత ఎత్తున, ఎవరు?

ఆమె చేతిలో కుంచె ఎప్పుడాగిందో ఆమెకి తెలియదు. కుంచె అవతలి కొస పట్టుకున్న ఉమామహేశ్ నోరు తెరుచుకుని ఉన్నాడు. అతని మొహం మీద ఆ బంగారం పడింది. పెళ్ళైన కొత్తలో కూడా ఆ మొహం అంత తెరిపిగా చూసిన గుర్తు లేదామెకి.

రావమ్మగారు గేటు దగ్గర్నుంచి సరిగ్గా కనపడక ముందుకొచ్చి, పడుగు అడ్డమైతే, ఎవరూ చెప్పకుండానే చీర కుచ్చిళ్ళు పట్టుకుని వంగి కిందనుంచి ఖాళీస్థలం వైపు వచ్చి నిలబడింది. ఆవిడ వెనక తిరుపతిరావుగారు. మోకాళ్ళు నొప్పైనా వంగారు. హర్షవర్ధన్ ఫోనెత్తి పట్టుకుని, వంగి వస్తూ, ఫోనులో అది బియ్యపుగింజంత కూడా కనపడక, దాన్ని దించేసి ఉత్త కళ్ళతో చూశాడు. అందరూ ఒకే వరసలో, ఒకే మొహంతో నిలబడ్డారు. మాణిక్యమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఎవరికి పెట్టిందో ఆవిడకే తెలియదు.

కణిక చుక్కైంది. చుక్క లేకుండా పోయింది. వెలుతురు తెర మాత్రం ఆకాశంలో కదులుతూ, మెలికలు తిరుగుతూ చాలాసేపు ఉంది.

"ఇక రోజూ మన మీదినించి పోతదా అది?" అంది చౌడేశ్వరి గుసగుసగా.

"ఎప్పుడో ఒకప్పుడు పోతదమ్మా. మనకి కనపడదు గాని," అంది జ్యోతిర్మయి. ఆ పిల్ల కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడు మాణిక్యమ్మ చేతులు దించి, పడుగు వంక చూసి, గుండెలు బాదుకుంది. "అయ్యో, గంజే!"

వీధంతా ఒక్కసారి నేల మీదికి దిగింది. కుంచె ఆగినచోట నుంచి మేడ గేటు దాకా పోగులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. గంజి పట్టించాక కుంచె ఆపకూడదని ఆ వీధిలో నడక రాని పిల్లక్కూడా తెలుసు. అందరూ తెలిసే ఆపారు. చౌడేశ్వరి అట్టకట్టిన చోట వేళ్ళు పెట్టి చూసింది. అట్టముక్కలా గరగరలాడింది. ముసురు ముందున్న ఒకే ఒక్క పొద్దు ఇది.

"నీళ్ళు!" అంది.

చెంబులు లేచాయి. అరచేతుల్తో చిలకరిస్తూ, తడిసినంత మేరా పోగులు విడదీస్తూ, పడుక్కి రెండువైపులా వరస కట్టారు. గట్టిగా లాగితే తెగుతుంది, మెల్లగా లాగితే ఆరిపోతుంది. ఎవరూ ఎవర్నీ తప్పు పట్టలేదు. పట్టడానికి చూడనివాడు ఒక్కడుంటేగా! చౌడేశ్వరి పక్కన బంగారు గాజుల చేతులు రెండు వచ్చి పోగులందుకున్నాయి. రావమ్మగారు. మొదట రెండు పోగులు తెంపింది. "ఇట్టా కాదండీ, గోరుతో కాదు, వేలి మెత్తనతో," అని మాణిక్యమ్మ చూపించింది. ఆవిడ నేర్చుకుంది. చివరికి హర్షవర్ధన్ కూడా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చెంబు పట్టుకుని వెనకాల నిలబడ్డాడు.

ఎండ ఇళ్ళ కప్పుల మీదికి దిగింది. కుంచె మళ్ళీ కదిలింది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. గేటు దగ్గర మూరెడు మేర తప్ప పడుగు దక్కింది. పోగులు పోగులుగా, నూగు అణిగి, గాలికి సన్నగా మోగుతోంది. ఉమామహేశ్ కుంచె గోడకి ఆనించి ఊపిరి వదిలాడు. జ్యోతిర్మయి ఇడ్లీల గిన్నె తెచ్చి అరుగు మీద పెట్టింది. చౌడేశ్వరి ఇంకా గేటు దగ్గర వంగి, తెగిన చివరి పోగులు అతుకుతోంది.

తిరుపతిరావుగారు ఇంతసేపూ ఖాళీస్థలం అంచునే నిలబడి ఉన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన గొంతు నిజంగానే తడిగా ఉంది.

"చూడండయ్యా," అన్నారు. వీధంతా ఆగి విన్నది. "ఈ వయసులో ఇట్టాంటిది చూస్తాననుకోలేదు. బీచికి పోయినా ఇంతకంటే బాగా చూసేవాణ్ణి కాదు. మీ పడుగు అడ్డపడబట్టే ఇక్కడ నిలబడ్డాను. అంత పెద్ద వస్తువు అట్టా పైకి పోతుంటే, కింద మనం ఎంతెంత చిన్న విషయాలకి... సరే. ఇక నుంచి మీ ఇష్టం. ఎప్పుడు కావాలంటే అప్పుడు పడుగేసుకోండి. నేను అడ్డు చెప్పను. ఈ వీధి మీకిచ్చేశాననుకోండి. మునిసిపాలిటీలో కూడా నా మాటగా చెప్తాను."

ఉమామహేశ్ గంజి చేతులు జోడించబోయాడు. మాణిక్యమ్మ, "మీ మనసు బంగారం బాబుగారూ," అని మొదలెట్టింది. రావమ్మగారు మాత్రం చౌడేశ్వరి వంకే చూస్తోంది.

చౌడేశ్వరి చేతిలోని పోగు అతకడం పూర్తిచేసి, కొస పంటితో కొరికి, అప్పుడు తలెత్తింది.

"ఈ వీధి మీది ఎప్పుడైందండీ, మాకివ్వడానికి?"